సొంత స్థలంలో వేపచెట్టు: కొట్టాలంటే ఎవరిని అడగాలి?

గేటు_పక్క_వేప | 2025 జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే గానీ పోస్టు పెట్టడం ఇదే మొదలు.

హైదరాబాద్‌లో మాది 400 గజాల స్థలం, 1988లో నాన్నగారు కట్టిన ఇల్లు. ఇప్పుడది పడగొట్టి స్టిల్టు (కింద పార్కింగుకు వదిలే స్తంభాల అంతస్తు) మీద మూడంతస్తులు వేద్దామని బిల్డర్‌తో మాట్లాడుతున్నాం. చిక్కంతా మూడు చెట్ల దగ్గర వచ్చింది. గేటు పక్కన, ఇల్లు కట్టిన ఏడాదే అమ్మ నాటిన వేప. ప్రహరీకి ఆనుకుని రోడ్డు మీదికి వంగిన పసుపు పూల తురాయి, దాని కొమ్మలు కరెంటు తీగల్లోకి వెళ్లాయి. వెనక వైపు దానంతటదే మొలిచిన సుబాబుల్.

బిల్డరేమో "మీ స్థలం, మీ చెట్టు, ఎవరడుగుతారండీ? ఆదివారం పొద్దున్నే నలుగురిని పంపిస్తా, సోమవారానికి దుంగలు కూడా కనపడవు" అంటున్నాడు. ప్లాను ఎలాగూ పాసవుతుంది, ఇక చెట్టుకు వేరే పర్మిషన్ ఎందుకని ఆయన వాదన. పక్కింటాయనకు ఆ వేప అంటేనే పడదు, ఆకులన్నీ వాళ్ల సంపులో పడుతున్నాయని ఎప్పుడూ గొడవే. బోనాలకు వేప మండల కోసం మాత్రం మొదట వచ్చేది ఆయనే.

వేప చిటారు కొమ్మలు కొన్ని ఎండిపోతున్నాయి కూడా. "ఎండిన చెట్టు" అని రాసి దరఖాస్తు పెడితే పని సులువవుతుందా? అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ టెన్షన్ వేరే.

పెరటి_పిచ్చి | జూన్ 3, రాత్రి 10:15

బిల్డర్ మాట విని ఆదివారం పని పెట్టుకోకండి. 2021 ఫిబ్రవరిలో సైదాబాద్‌లో జరిగింది గుర్తు చేస్తాను. ఇల్లు కట్టడానికి అడ్డమని ఒకాయన నలభై ఏళ్ల వేపను రాత్రిపూట కొట్టించేశాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు చూసి అటవీ శాఖ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి చూసి 62,075 రూపాయల జరిమానా వేశారు. రాత్రిపూట కొడితే ఎవరూ చూడరనుకోవడం పాతకాలం మాట. ఇప్పుడు ప్రతి బాల్కనీలో ఒక ఫోన్ ఉంది.

సైట్_ఇంజినీర్_77 | జూన్ 4, ఉదయం 7:05

పిల్లాడి కథ బాగానే ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. దరఖాస్తు పెట్టాక ఎవరు ఎప్పుడు చూడటానికి వస్తారో తెలియదు. ఈలోపు పాత ఇల్లు ఖాళీ చేసి అద్దెకు వెళ్లిన ఓనరు రెండు చోట్లా నలిగిపోతాడు. అందుకే చాలామంది ముందు కొట్టేసి తర్వాత ఫైన్ కడతారు. తప్పే, కాదనను. కానీ ఆ తప్పుకు ఆలస్యం కూడా ఒక కారణం. ఇంట్లో ఒక్క చెట్టు ఉన్నవాడు చట్టానికి ఇట్టే దొరుకుతాడు, తోటలకు తోటలు లేపేసేవాళ్లు మాత్రం దర్జాగా తిరుగుతుంటారు.

పెరటి_పిచ్చి | జూన్ 4, ఉదయం 7:30

వాళ్లకూ పడుతున్నాయి సార్. మథుర-బృందావనం దగ్గర ఒక ఫార్మ్‌లో 454 చెట్లు కొట్టేస్తే, ఈ మార్చిలోనే సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష చొప్పున కట్టమంది. అందులో ఎక్కువ భాగం ప్రైవేటు భూమే. తాజ్‌మహల్ చుట్టూ ఉన్న ప్రత్యేక జోన్ కాబట్టి అక్కడ నిబంధనలు గట్టిగా ఉంటాయనుకోండి. అయినా "నా భూమి" అన్న మాట మాత్రం అక్కడ పనిచేయలేదు.

రేంజ్_ఆఫీస్_రిటైర్డ్ | జూన్ 4, ఉదయం 11:20

గేటు పక్క వేప గారూ, అటవీ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగిపోయినవాణ్ని. మీ బిల్డర్ రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాడు. ఇంటి ప్లాన్ పర్మిషన్ కట్టడానికి. చెట్టు కొట్టడానికి దారి వేరే, అది వాల్టా కింద వస్తుంది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇది. విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. బోరు వేయాలంటే పర్మిషన్ కావాలని అందరికీ తెలిసింది ఈ చట్టం వల్లే. చెట్లకూ అందులో ఒక అధ్యాయం ఉందని చాలామందికి తెలియదు. 28వ సెక్షన్ చూడండి. ముందస్తు అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. అది ఎవరి భూమిలో ఉందన్నది తర్వాతి మాట.

సుబాబుల్, సరుగుడు, యూకలిప్టస్, సర్కారు తుమ్మ లాంటివాటికి మినహాయింపు ఉంది. అయినా దరఖాస్తులో మూడు చెట్లూ రాయండి. తనిఖీకి వచ్చినవాడు వెనక కొత్త మోడు చూసి "ఇదేంటి?" అని అడిగే అవకాశం ఇవ్వకండి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. స్థలం కాగితాలు, చెట్టు ఎక్కడుందో చూపే చిన్న స్కెచ్, నాలుగు వైపుల నుంచి ఫోటోలు, జాతి, చుట్టుకొలత, ఎందుకు తీయాలో కారణం. చుట్టుకొలత నేల దగ్గర కొలవొద్దు. రొమ్ము ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర టేపు చుట్టండి. మొదట్లో కొలిచి రాసి, మాను పెద్దదని కంగారు పడేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక "ఎండిన చెట్టు" అని రాయడం. దయచేసి రాయకండి. చివర్ల నుంచి ఎండుతోందని మీరే చెప్పారు, అది చావు కాదు. 2021లో తెలంగాణ అంతటా వేపలు ఇలాగే మాడిపోయినట్టు కనిపించాయి, చచ్చిపోయాయనుకుని జనం గోల పెట్టారు. అది కొమ్మలు ఎండే తెగులు, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని. దానికి టీ దోమ అనే పురుగు తోడైంది. వానలు పడ్డాక చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. గోటితో కొమ్మ బెరడు గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. అబద్ధం రాస్తే గోరంత పరీక్షలో బయటపడుతుంది.

గేటు_పక్క_వేప | జూన్ 4, రాత్రి 8:50

సార్, చాలా థాంక్స్. గీకి చూశాను, పచ్చగానే ఉంది. చుట్టుకొలత 190 సెంటీమీటర్లు. గీకుతుంటే అమ్మ వరండాలో నుంచి చూసి "ఏం చేస్తున్నావురా దానికి?" అంది. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

మేడమీద_మనిషి | జూన్ 4, రాత్రి 10:02

అందరూ చెట్టు పక్షమే మాట్లాడుతున్నారు కాబట్టి నా మాటా వినండి. మా పక్కింటి చెట్టు కొమ్మ నిరుడు మే నెల గాలివానకు విరిగి మా నాన్నగారి మంచానికి అడుగు దూరంలో పడింది. రేకుల గది, ఆయన లోపలే ఉన్నారు. అంతకు మూడు నెలల ముందు నుంచి ఆ ఇంటివాళ్లకు చెబుతూనే ఉన్నాం. ఒక ఆఫీసుకు వెళితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడివాళ్లు "చెట్టు మీది కాదు కదమ్మా" అన్నారు. ఈ చట్టం చెట్టును కాపాడుతుంది సరే, చెట్టు కింద ఉన్నవాళ్లను ఎవరు కాపాడతారు?

నల్లకోటు | జూన్ 4, రాత్రి 11:30

మేడమ్, మీ ప్రశ్నకు చట్టంలో జవాబుంది, ఎవరూ చెప్పరంతే. పడిపోయేలా ఉండి మనుషులకు ప్రమాదమయ్యే చెట్టును తీసేయమని, లేదా ఊత కట్టమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆ యజమానికి ఆర్డర్ ఇవ్వొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అదే 152. అందులో కూలే ఇళ్ల పక్కనే "చెట్టు" అన్న మాట కూడా స్పష్టంగా ఉంది. తహశీల్దారు గానీ ఆర్డీవో గానీ మేజిస్ట్రేట్ హోదాలో వింటారు. ఫోటోలతో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోటితో మూడు నెలలు చెప్పడం కంటే ఒక్క కాగితం నయం. రేపు మళ్లీ కొమ్మ పడితే, యజమానికి ముందే తెలుసని నిరూపించేది కూడా ఆ కాగితమే.

పక్కవాళ్ల కొమ్మ మీ సరిహద్దు దాటి వస్తే, గోడ వరకు కొట్టుకునే హక్కు మీకుందని కోర్టులు చాలాకాలంగా ఒప్పుకుంటున్నాయి. కానీ గోడ దాటి అవతలికి చెయ్యి చాపకూడదు, కొట్టిన కొమ్మ కూడా మీది కాదు. మామిడి కొమ్మ కొట్టి కాయలు ఉంచుకుంటానంటే కుదరదు. వాల్టా పరిధిలో ఉన్నాం కాబట్టి పెద్ద కొమ్మ జోలికి వెళ్లేముందు అటవీ శాఖను ఒక మాట అడగండి.

గేటు పక్క వేప గారి తురాయి సంగతి. తీగలకు తగులుతోంది కాబట్టి అది విద్యుత్ చట్టం, 2003, 68వ సెక్షన్ కిందికి కూడా వస్తుంది. లైనుకు అడ్డొచ్చే చెట్టును తీయించమని కరెంటు వాళ్లు మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. చెట్టు ముందు నుంచీ ఉండి లైను తర్వాత వేసి ఉంటే, చెట్టు యజమానికి పరిహారం ఇప్పించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. మీ ఇంట్లో పాత ఫోటోలుంటే చూడండి, ఏది ముందో తేలుతుంది.

గేటు_పక్క_వేప | జూన్ 5, ఉదయం 6:45

నా అన్నప్రాశన ఫోటోలో స్తంభం ఉంది, తురాయి లేదు. కేసు ఓడిపోయినట్టే 😀

సైట్_ఇంజినీర్_77 | జూన్ 5, ఉదయం 8:10

మేడమ్ చెప్పింది నిజం. కానీ సగం కొమ్మలు అలా విరగడానికి కారణం మనమే. లైన్ క్లియరెన్స్ పేరుతో ప్రతి ఏడాదీ తీగల వైపు మాత్రమే కొట్టేస్తాం. బరువంతా రెండో వైపే మిగులుతుంది. పైగా తల నరికేస్తే కొత్తగా వచ్చే చిగుళ్లు పైపైన అతుక్కుని లావవుతాయి, ఐదేళ్లకు గాలి వస్తే ముందు ఊడేవి అవే.

ఆస్టిన్_అల్లుడు | జూన్ 5, ఉదయం 9:25

ఇక్కడ టెక్సస్‌లో మా అనుభవం. ఆస్టిన్ సిటీలో నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను అడ్డుకొలత 19 అంగుళాలు దాటితే అది రక్షిత వృక్షం. మన పెరట్లో ఉన్నా సరే, సిటీ పర్మిట్ లేకుండా తీయలేం. లైవ్ ఓక్, పీకాన్ లాంటి కొన్ని జాతులు 24 అంగుళాలు దాటితే హెరిటేజ్ కిందికి వస్తాయి, వాటికి ఇంకా కష్టం. ఇల్లు కొనేటప్పుడు వెనక పెద్ద ఓక్ చూసి మా ఆవిడ మురిసిపోయింది. స్విమ్మింగ్ పూల్ కడదామని వెళ్లాక తెలిసింది, దాని వేర్ల పరిధి లోపల తవ్వనివ్వరని. పూల్ లేదు, ఓక్ ఉంది. వేసవిలో 41 డిగ్రీలప్పుడు దాని కింద కుర్చీ వేసుకుంటాం కాబట్టి ఫిర్యాదేమీ లేదు.

ఇక్కడ నాకు నచ్చింది ఒకటే, లెక్క ముందే తెలుస్తుంది. టేపు పెట్టి మనమే కొలుచుకోవచ్చు. అన్నట్టు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కత్తిరించొద్దంటారు, గాయం మీద వాలే పురుగుల వల్ల ఓక్ విల్ట్ తెగులు వస్తుంది.

జయనగర్_తెలుగు | జూన్ 5, మధ్యాహ్నం 1:15

కర్ణాటకలో 1976 చట్టం. ట్రీ ఆఫీసర్ ఉంటాడు, యాభైకి మించి చెట్లు తీయాలంటే పబ్లిక్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. మహారాష్ట్రలో 2021 సవరణ తర్వాత యాభై ఏళ్లు దాటిన చెట్టు హెరిటేజ్. తీసిన చెట్టు వయసు ఎంతో అన్ని మొక్కలు నాటాలి. మీ వేప ముంబైలో ఉండుంటే 37 మొక్కలు మోసేవారు సార్.

చెరువు_గట్టు | జూన్ 5, మధ్యాహ్నం 2:40

ఇంట్లో ఒక్క వేపకు ఇన్ని రూల్సు చెప్తున్నారు, యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల మీదికి బుల్డోజర్లు దిగినప్పుడు ఈ వాల్టా ఎక్కడికి పోయింది?

పెరటి_పిచ్చి | జూన్ 5, మధ్యాహ్నం 2:52

ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అడిగిందీ అదే కదా, కొట్టడానికి అనుమతి తీసుకున్నారా అని.

మోడరేటర్ | జూన్ 5, మధ్యాహ్నం 3:30

దానికి వేరే థ్రెడ్ నడుస్తోంది, 400 ఎకరాల చర్చ అక్కడే. ఇక్కడ 400 గజాల సంగతి మాట్లాడుకుందాం. తర్వాత వచ్చిన ఆరు పోస్టులు అక్కడికి మార్చాను.

ఎంవీపీ_కాలనీ | జూన్ 6, ఉదయం 6:20

విశాఖ నుంచి. మాకూ అదే వాల్టా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాడు మా వీధిలో తురాయిలు, నిద్రగన్నేర్లు పడి ఉన్నాయి, అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. వేపలకు కొమ్మలు పోయాయి గానీ మాన్లు నిలబడ్డాయి. ఒక్క వీధిలో చూసినదాన్ని బట్టి సిద్ధాంతం చేయను. కానీ మీ మూడింట్లో ఒక్కదాన్ని కాపాడాలంటే అది వేపే. తురాయిని వదులుకోండి.

ఒక్క సందేహం. వేపను పెకలించి వేరే చోట నాటలేరా? రోడ్డు వెడల్పుకు అడ్డొచ్చిన చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల విషయంలో అదే మాట విన్నాను.

రేంజ్_ఆఫీస్_రిటైర్డ్ | జూన్ 6, ఉదయం 10:45

మర్రి, రావి, జువ్వి జాతులకు అది బాగా కుదురుతుంది. కొమ్మ పాతినా బతికే జాతి అది. వేపకు తల్లివేరు లోతుగా పోతుంది, ఈ వయసులో తెగితే కోలుకోవడం కష్టం. పైగా క్రేన్, ట్రెయిలర్ మీ వీధి మలుపు తిరగాలి, దారిలో ఉన్న తీగలన్నీ ఎత్తాలి. ఢిల్లీలో 2020లో దీనికి ప్రత్యేక విధానమే తెచ్చారు, ఏడాది తర్వాత కూడా నూటికి ఎనభై బతికుండాలని షరతు పెట్టారు. కాగితం మీద ఎనభై రాయడం సులువే.

దానికంటే మీ ప్లాను ఒకసారి చూడండి. గేటు పక్కన అంటున్నారు, అంటే చెట్టు సెట్‌బ్యాక్‌లో (ప్రహరీకీ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీలో) ఉన్నట్టేగా? అక్కడ ఎలాగూ ఇల్లు కట్టరు. అడ్డొచ్చేది ఇంటికా, కారు ర్యాంపుకా?

సైట్_ఇంజినీర్_77 | జూన్ 6, ఉదయం 11:10

అసలు ప్రశ్న ఇదే. 400 గజాలంటే 334 చదరపు మీటర్లు. 300 దాటిన ప్లాట్లకు సెట్‌బ్యాక్ లోపలే మీటరు వెడల్పున పచ్చదనం వదలాలని 2012 బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. ఆ మీటరులో మీరు కొత్తగా గడ్డి వేయాల్సిందే, 37 ఏళ్ల వేప ఉంటే చేదా? గేటు రెండో మూలకు జరపమనండి. ర్యాంపు అటు నుంచి వస్తుంది.

కానీ తవ్వకం జాగ్రత్త. చెట్టును నిలబెట్టి ఫుటింగ్ (పునాది) కోసం వేర్లు నరికితే రెండేళ్లకు అదే పడుతుంది, అప్పుడు మేడమ్ గారి మంచం కథ మీ ఇంట్లో జరుగుతుంది.

రేంజ్_ఆఫీస్_రిటైర్డ్ | జూన్ 6, మధ్యాహ్నం 12:05

బాగా చెప్పారు. లెక్క ఇలా వేస్తారు. 190 చుట్టుకొలతకు అడ్డుకొలత దాదాపు 60 సెంటీమీటర్లు. దానికి పన్నెండు రెట్లు, అంటే మాను నుంచి ఏడు మీటర్ల పైన వేర్ల పరిధి. నగరం ప్లాటులో అంత ఎవరూ వదలలేరు, వదలమనీ అనను. ఇంటి వైపు ఎంత వీలైతే అంత దూరం జరగండి, ఆ వైపు జేసీబీ పెట్టకుండా మనుషులతో తవ్వించండి. లావు వేరు తగిలితే పారతో చీల్చకుండా రంపంతో కోయించండి. సిమెంటు, ఇసుక, కడ్డీలు చెట్టు మొదట్లో పోయకండి. సున్నం నీళ్లు అక్కడ పారబోయకండి. మాను చుట్టూ కనీసం మీటరు మట్టి వదలండి. 2013లో ఢిల్లీ చెట్ల చుట్టూ కాంక్రీటు తీయించమని గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పిన కొలత కూడా అదే. టైల్స్ వేసేవాడు వచ్చిన రోజు మీరు దగ్గరుండండి, వాడికి మట్టి కనబడితే ఊరుకోడు.

మేడమీద_మనిషి | జూన్ 6, రాత్రి 9:15

నల్లకోటు గారూ, రాతపూర్వకంగా ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. పక్కింటివాళ్లకు విషయం తెలిసి సాయంత్రమే కొమ్మలు కొట్టేవాణ్ని పిలిచారు. ఇన్నాళ్లూ దొరకని మనిషి మూడు గంటల్లో దొరికాడు.

నల్లకోటు | జూన్ 6, రాత్రి 9:40

అదండీ 152 బలం. కొట్టేవాడు తల నరకకుండా చూడండి, సైట్ ఇంజినీర్ గారు చెప్పిందే జరుగుతుంది.

గేటు_పక్క_వేప | ఆగస్టు 17, ఉదయం 10:30

ఆలస్యానికి క్షమించండి. జరిగింది చెబుతాను.

అమ్మకు చెప్పాను. ఆమెకు ముందే తెలుసట, బిల్డర్ చెట్టు వైపు టేపు పట్టుకున్న రోజే. నేను ఏడుస్తుందనుకున్నాను. "నీడ కోసం నాటానురా, పూజ కోసం కాదు. కొట్టక తప్పకపోతే కొట్టండి. కానీ మూడంతస్తులకు ఆరు కార్లు ఎక్కడ పెడతారు, అది చెప్పు ముందు" అంది. మాకున్నవి రెండు కార్లు. బిల్డర్ దగ్గర దానికి జవాబు లేదు.

దరఖాస్తులో తురాయి తీయడానికి, వేప కొమ్మల కత్తిరింపుకు మాత్రమే రాశాం, సుబాబుల్ కూడా చూపించాం. తనిఖీకి మనిషి రావడానికి రెండుసార్లు ఫోన్లు చేయాల్సి వచ్చింది, సైట్ ఇంజినీర్ గారు ఆలస్యం గురించి అన్నది నిజం. వచ్చినాయన మాత్రం పది నిమిషాల్లో తేల్చేశారు. తురాయి మొదట్లో తొర్ర చూపించారు, చేయి మోచేతిదాకా పోయింది. నిరుడు ఆ కిందే స్కూటర్లు పెట్టేవాళ్లం. బదులుగా మొక్కలు నాటాలనే షరతుతో దానికి అనుమతి వచ్చింది. లైనువాళ్లు కరెంటు ఆపి నిలబడితే కొట్టించాం.

గేటు తూర్పు మూలకు జరిగింది. ఒక పార్కింగు పోయింది. దాని కోసం బిల్డర్ వాటాలో తేడా అడుగుతున్నాడు, ఆ బేరం ఇంకా తెగలేదు. ఎవరైనా ఇలాంటి అగ్రిమెంటు రాసుకుని ఉంటే చెట్టుకు హాని జరిగితే ఎవరి బాధ్యత అన్న క్లాజు ఎలా రాశారో చెప్పండి.

పక్కింటాయన మొన్న బోనాలకు మండలు కోసుకుని, వెళ్తూ వెళ్తూ "సంపు మీద జాలీ మూత వేయించండి మరి" అన్నాడు. సంపు వాళ్లది, ఆకులు మావి. ఖర్చు ఎవరిదంటారు?

నల్లకోటు | ఆగస్టు 17, ఉదయం 11:05

చట్టం దాకా వద్దు, సగం సగం పెట్టుకోండి. క్లాజు సంగతి మెసేజ్ చేశాను. తవ్వకానికి ముందు చెట్టు ఫోటోలు తేదీతో తీసి అగ్రిమెంటుకే జత చేయండి.

పెరటి_పిచ్చి | ఆగస్టు 17, ఉదయం 11:20

తురాయికి బదులు ఏం నాటుతున్నారు? కోనోకార్పస్ మాత్రం వద్దు, గుజరాత్ 2023లోనే దాన్ని నిషేధించింది. తీగల కింద కాబట్టి కరివేపాకో, దానిమ్మో చూడండి. కరివేపాకైతే పక్కింటాయన బోనాలకే కాదు, రోజూ వస్తాడు.